గ్రహాలకు డ్యూటీ వేసిన మా అత్తగారు

మా అత్తగారు ఉద్యోగం చేసినంతకాలం బస్సు డిపోలో డ్యూటీ చార్ట్ వేశారు. ఏ డ్రైవర్ ఏ బండి ఎక్కాలి, ఏ కండక్టర్‌ని ఎవరికి జత చేయాలి, ఎవరికి పగలు, ఎవరికి రాత్రి, ఎవరిని కొండ రూటుకు పంపితే బండీ మనిషీ క్షేమంగా తిరిగొస్తారు, ఇవన్నీ తేల్చేది ఆవిడే. మేనేజర్లు వస్తూ పోతూ ఉండేవారు. గాజు కిటికీ వెనకాల నీలం పెన్ను పట్టుకుని కూర్చున్న ఆవిడ మాత్రం కదల్లేదు. ఆరడుగుల డ్రైవర్లు ఆ కిటికీ ముందు వంగి, గొంతు తగ్గించి, "మేడమ్, మా పాపకి జ్వరం, ఈ ఒక్క రాత్రీ వదిలెయ్యండి" అని బతిమాలుకునేవారట. ఆవిడ తలెత్తకుండానే "జ్వరం పాపకా, నీకా?" అని అడిగేవారట.

ఆ కిటికీ వదిలి ఇంటికొచ్చాక మనిషికి ఏదో ఒక వ్యాపకం కావాలి. కొందరు మొక్కలు పెంచుతారు, కొందరు పక్కింటితో తగవులు పెంచుతారు. మా అత్తగారు రెండు వేల ఏళ్ల నాటి గ్రీకుల జ్యోతిషం పట్టుకున్నారు. కంటికి ఆపరేషన్ జరిగి, చదవడానికి వీల్లేక, ఫోన్‌లో ఏవేవో వింటూ పడుకున్న రోజుల్లో దొరికిందది. పగలు పుట్టినవాళ్లకు కొన్ని గ్రహాలు సవ్యంగా పనిచేస్తాయనీ, రాత్రి పుట్టినవాళ్లకు మరికొన్ననీ ఎవరో మాస్టారు చెబుతున్నాడట. ఆవిడ కంటికి కట్టుతోనే లేచి కూర్చున్నారు.

"ఓరి నాయనో! వీళ్లు కూడా షిఫ్టుల్లోనే చేస్తారా!"

ఆ తరువాత ఆవిడను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నెలల తరబడి పాఠాలు విన్నారు. విన్నదంతా డిపో భాషలోకి మార్చుకున్నారు. సొంత రాశిలో ఉన్న గ్రహం సొంత డిపోలో ఉన్న డ్రైవర్. దానికి ఎదుటి రాశిలో ఉంటే పరాయి డిపోకి డెప్యుటేషన్. ఉచ్చస్థానంలో ఉంటే ప్రమోషన్. సూర్యుడికి మరీ దగ్గరికొస్తే పెద్దసారు గదిలో ఇరుక్కున్న గుమాస్తా, బయట ఎవరికీ కనబడడు. వెనక్కి నడిస్తే రివర్స్ గేర్. శని చలి మనిషి, పగటి డ్యూటీ వేస్తే ఎండ తగిలి కాస్త మెత్తబడతాడు, రాత్రి వేస్తే మొహం మాడ్చుకుని అందరినీ సతాయిస్తాడు. కుజుడు వేడి మనిషి, రాత్రి చల్లగాలికి దారిలో ఉంటాడు, పట్టపగలు పంపితే ఎవర్నో ఒకర్ని గుద్దందే ఊరుకోడు.

నేను నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. రసాయనశాస్త్రంలో నాకు పెద్ద పట్టా ఉంది. గ్రహాల మీద నమ్మకం లేదని చెప్పడానికి ఆ పట్టా చాలని అప్పట్లో అనుకునేవాణ్ని. అందుకే ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వచ్చి, "బాబూ, నీకు కంప్యూటర్ వచ్చుగా. కళ్లు లాగేస్తున్నాయి. ఈ గ్రహాలు ఏడుగురికీ ఒక డ్యూటీ బోర్డు చేసి పెట్టకూడదూ?" అని అడిగితే, పిల్లలకు కాగితం పడవ చేసిచ్చినంత తేలిగ్గా ఒప్పుకున్నాను. అత్తగారి పిచ్చికి అల్లుడి సాయం, అంతకుమించి ఏమీ లేదు.

గ్రహాలు ఎక్కడున్నాయో చెప్పే లెక్కలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. చిక్కల్లా మార్కుల దగ్గర వచ్చింది.

"సొంత రాశిలో ఉంటే ఎన్ని మార్కులు అత్తయ్యా?"

"మార్కులేమిటి బాబూ, బాగుంటాడంతే."

"బాగుంటాడంటే కంప్యూటర్‌కి అర్థం కాదండీ."

"అయితే కాస్త ఎక్కువ వెయ్యి."

కాస్త ఎక్కువంటే నాలుగు అని నేనే నిర్ణయించాను. షిఫ్టు కుదరకపోతే మైనస్ రెండున్నర. ఆ అర ఎందుకంటే, నేను సైన్సు మనిషిని, దశాంశ బిందువు లేని అంకె నా కంటికి ఆనదు. మంచి స్థితి ఉంటే ఆకుపచ్చ, చెడ్డదైతే ఎరుపు, మధ్యస్థమైతే లేత పసుపు. పగలా రాత్రా తేల్చడానికి ఒక హద్దు కావాలి గనక, "పగలు ఎన్నింటికి అయిపోతుంది అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ ఉతికిన గుడ్డలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే "ఆరింటికి" అన్నారు. నేను ఆరింటికి అని రాసేశాను.

బోర్డు తయారయ్యాక మా ముందుగది డిపో కిటికీ అయిపోయింది. ఒకప్పుడు ఆవిడ చేతిలో పనిచేసిన డ్రైవర్లూ కండక్టర్లూ పుట్టిన వేళలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. వాళ్లలో పొట్టి కండక్టర్ అని ఒకాయన ఏకంగా శిష్యుడైపోయాడు. తన ఫోన్‌లోనూ నా చేతనే ఆ బోర్డు పెట్టించుకున్నాడు. ఆయనది రాత్రి జాతకమనీ, శని ఎర్రగా ఉన్నాడనీ బోర్డు చెప్పినప్పటినుంచీ పాత స్కూటర్ అమ్మడం మానుకుని, కొత్తది కొనడం మానుకుని, నడిచి తిరుగుతున్నాడు.

ఇంతమందికి చూసినా అత్తగారు మా ఇంట్లో ఎవరి జాతకమూ ముట్టుకోలేదు. అది డిపో కట్టుబాటు. చార్ట్ వేసే గుమాస్తా సొంత మనుషులకు డ్యూటీ వేయకూడదు, ఆ పేరు పక్క సీటుకు ఇచ్చేయాలి. మా మామగారు అదే డిపోలో డ్రైవర్. ఆయన పేరు ఎన్నడూ ఆవిడ పెన్ను కింద పడలేదు. "మీ మావయ్య కొండకెళ్లాడో, ఊళ్లో తిరుగుతున్నాడో నాకు ఆయన ఇంటికొచ్చాకే తెలిసేది బాబూ" అని ఒకసారి చెప్పారు. మామగారు ఇప్పుడు లేరు. కట్టుబాటు మాత్రం ఉంది.

మా పాప పుట్టి ఎనిమిది నెలలు నిండాక, స్నానం చేయిస్తుంటే నా భార్య చేతికి పాప గజ్జల్లో చిన్న ఉబ్బు తగిలింది. ఏడిస్తే పైకొస్తోంది, ఊరుకుంటే పోతోంది. డాక్టరమ్మ రెండు వేళ్లతో నొక్కి చూసి, హెర్నియా అంది. చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి పంపేస్తాం అంది. "కానీ వాయిదా వేయకండి. లోపలి పేగు జారి ఇరుక్కుపోతే అప్పుడు చిన్నది కాదు" అని గురువారానికి ఖాయం చేసింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నిద్ర లేపి, ఏడిపించి, ఆడుతోందని తృప్తిపడే తండ్రిని నేను. పాల సీసాలో వేడి ప్రయోగశాల థర్మామీటర్‌తో కొలుస్తాను. మత్తుమందిచ్చే డాక్టర్‌ని నేనడిగిన ప్రశ్నలకు ఆయన, "మీరు కూడా డాక్టరా?" అని అడిగాడు. కాదని చెప్తే ఎంతో ఊరట పడ్డాడు. ఆయన చెప్పిన ఏ జవాబూ నాకు చాలలేదు. ప్రమాదం చాలా అరుదు అన్నాడు. అరుదు అంటే సున్నా కాదు కదా.

ఆ దిగులులో, ప్రయోగశాలలో అందరూ భోజనానికి వెళ్లిన వేళ, నేను తలుపు దగ్గరికి వేసి డ్యూటీ బోర్డు తెరిచాను. ఊరికే చూద్దామని. పాప పుట్టిన రోజు, ఊరు, సాయంత్రం ఆరూ పది అని కొట్టాను.

రాత్రి జాతకం. శని ఎరుపు.

నవ్వుకున్నాను. నవ్వుకుని మళ్లీ కొట్టాను. మళ్లీ ఎరుపే. నమ్మకం లేని మనిషికి ఒళ్లు చల్లబడకూడదు గానీ చల్లబడింది. అప్పుడు నాకు పాప పుట్టిన సాయంత్రం గుర్తొచ్చింది. ఎండాకాలం. ప్రసూతి గది బయట కిటికీలోంచి సూర్యుడు సూటిగా నా కళ్లలో పడుతుంటే, చేయి అడ్డం పెట్టుకుని తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. అంత ఎండలో పుట్టిన పిల్ల రాత్రి పిల్ల ఎలా అవుతుంది? ప్రోగ్రామ్ తెరిచి చూస్తే హద్దు ఉంది: ఆరు. ఏ కాలమైనా, ఏ ఊరైనా, ఆరు కొట్టగానే పగలు దిగిపోతుంది. అది డిపోలో పగటి షిఫ్టు దిగే వేళ. ఆవిడ అలవాటుకొద్దీ చెప్పారు. చలికాలం ఎప్పుడు చీకటిపడుతుందో, ఎండాకాలం ఎప్పుడు పడుతుందో బడిపిల్లలకు కూడా పాఠం చెప్పగల నేను దాన్నే రాసి, రంగులు కూడా వేశాను.

ఎంత సంబరమో చెప్పలేను. తప్పు దొరికింది! సూర్యుడు దిగంతానికి పైనున్నాడా కిందున్నాడా అని అడిగేలా ఆ వాక్యం మార్చాను. పగటి జాతకం అయింది. శని ఎరుపు పోయి లేత పసుపులోకి వచ్చాడు. హమ్మయ్య అని కుర్చీలో వాలబోయాను.

కుజుడు ఎర్రబడ్డాడు.

పగలు గనక కుజుడి షిఫ్టు కుదరదు. పైగా తన సొంత రాశికి ఎదురుగా, వృషభంలో, పరాయి డిపోలో ఉన్నాడు. పైగా ఆరో ఇంట్లో, అంటే రోగాల ఇంట్లో. పైగా కుజుడంటే ఇనుము, నెత్తురు, కత్తి. మొత్తం మైనస్ ఏడున్నర. ఆ అర నేను కనిపెట్టిందే. నేను కనిపెట్టిన అరకు నేనే వణుకుతూ కూర్చున్నాను.

తరువాత నేను చేసింది ఇంకా సిగ్గుచేటు. మార్చిన వాక్యాన్ని మళ్లీ పాత వాక్యంగా మార్చి చూశాను. శనైతే నిదానం మనిషి, ఆలస్యం చేస్తాడు గానీ కత్తి పట్టడు, ఆయనే నయం కదా అని. ఇష్టమైన అంకె వచ్చేదాకా నీటిని మళ్లీ మళ్లీ పరీక్షించిన కుర్రాణ్ని మొన్ననే నేను అందరి ముందూ దులిపేశాను. ఆ కుర్రాడికి కనీసం నీళ్లున్నాయి.

ఎటు తిప్పినా ఎవరో ఒకరు ఎర్రగానే ఉన్నారు. ఇక మిగిలింది గురువారం మార్చడమే. ఇంటికెళ్లి, స్నానాలగదిలో దూరి, కుళాయి తిప్పి, ఆసుపత్రికి ఫోన్ చేశాను.

"పాపకి కాస్త దగ్గుగా ఉందండీ. దగ్గుంటే మత్తుమందు ఇవ్వరట కదా. ఓ రెండు వారాలు..."

తలుపు తెరుచుకుంది. నా భార్య బడిలో ఆటల టీచర్. మైదానం అవతలి కొసన ఎవడు గోడ దూకుతున్నాడో ఇవతలి నుంచే పట్టేస్తుంది. కుళాయి చప్పుడు ఆమెకు ఒక లెక్కా.

"పాపకి దగ్గా? ఎప్పట్నుంచి?"

"ఇప్పుడిప్పుడే... మొదలయ్యేలా ఉంది."

ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏం లేదండీ, దగ్గు తండ్రికి. మేం గురువారం వస్తున్నాం" అని పెట్టేసింది. కుళాయి కట్టేసింది. "ఇప్పుడు చెప్పు."

చెప్పాను. శని, కుజుడు, ఏడున్నర, అన్నీ. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా అమ్మకైతే పొద్దుపోక. నీకేమొచ్చింది? డాక్టరమ్మ వాయిదా వద్దని చెప్తుంటే పక్కనే కూర్చుని తలూపావు కదా!" అని నా మోచేయి పట్టుకుని ముందుగదిలోకి లాక్కెళ్లింది. "అమ్మా, నీ శిష్యుడు ఇంకొకడు తయారయ్యాడు. వీడి సంగతి చూడు."

అత్తగారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంచాతో ఏదో తినిపిస్తున్నారు. అంతా విన్నారు. నేను పాప జాతకం తెరిచానని వినగానే మొహం ముడుచుకుంది. కోపం వస్తే ఆవిడ నన్ను మీరు అంటారు.

"అల్లుడుగారూ, మిమ్మల్ని ఎవరు చూడమన్నారు?"

"తప్పు దొరికింది గదా అత్తయ్యా. పగలు ఆరింటికి అయిపోతుందని మీరే చెప్పారు."

"నేనా? నేను చెప్పింది డిపో సంగతి! సూర్యుడికి ఆరింటికి బండి అప్పజెప్పి దిగిపోవాలని రూలుందా? మీరు సైన్సు చదివారుగా, ఆ మాత్రం అడగొద్దూ?"

"మీరు చెప్తే కాదంటానా?"

"ఇన్నాళ్లలో నేను చెప్పినమాట విన్నది అదొక్కటేనా!"

అంతలో ఆవిడ చేతిలో చెంచా ఆగిపోయింది. ఎండాకాలం సాయంత్రాల్లో పుట్టినవాళ్లంతా ఆవిడ కళ్లముందు తిరిగినట్టున్నారు. పాపను నాకు అందించి, వాళ్లలో ఒకడైన పొట్టి కండక్టర్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టారు.

"నీది పగటి జాతకమయ్యా. బోర్డు తప్పు చెప్పింది. శని నిన్నేం చేయడు."

"అంటే మేడమ్, ఇన్నాళ్లూ నేను తప్పుడు గ్రహానికి భయపడ్డానా?"

"అవును. పొరపాటు మాదే."

"మరి ఇప్పుడు ఎవరికి భయపడాలి?"

"కుజుడికి."

"సరే మేడమ్" అన్నాడు, రూటు మార్చారని చెబితే ఒప్పుకున్నంత మామూలుగా.

నా భార్య గోడకు తిరిగి భుజాలు ఎగరేస్తూ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. "అత్తయ్యా, ఒక్కసారి పాపది చూడండి. అంత అనుభవం ఉన్నవాళ్లు. వద్దంటే వద్దనండి, సరేనంటే సరేననండి."

"నేను చూడను. సొంత మనిషి."

"అయితే గురువారం సంగతి?"

ఆవిడ కోపం తగ్గి మళ్లీ 'నువ్వు' అనడానికి వచ్చారు. "చూడు బాబూ. బండికి బ్రేకు పట్టడం లేదని మెకానిక్ చెప్పాక, ఇవాళ డ్రైవర్ ఎవరని అడుగుతామా? షెడ్డులోకి తోస్తాం. షెడ్డులో ఎప్పుడు చోటు దొరికితే అప్పుడు. ఇది డ్యూటీ సంగతి కాదు, రిపేరు సంగతి. అది నా కిటికీకి రాదు."

ఆ మాట నన్ను కుదుటపరిచిందని రాస్తే బాగుండును. కుదుటపరచలేదు. నన్ను గురువారం ఆసుపత్రికి చేర్చింది నా భార్య చేయి, నా మోచేతి మీది చేయి.

పొద్దున్నే పాపను లోపలికి తీసుకెళ్లారు. తీసుకెళ్తున్న నర్సు భుజం మీంచి పాప మమ్మల్ని చూసి, ఏదో కొత్త ఆట అనుకుని నవ్వింది. తలుపు మూసుకుంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ముగ్గురం వరసగా కూర్చున్నాం. నా భార్య తలుపునే చూస్తోంది. నేను గోడమీది అగ్నిమాపక సూచనలన్నీ చదివేశాను. అత్తగారు పాప సంచీ జిప్పు తెరుస్తున్నారు, మూస్తున్నారు, తెరుస్తున్నారు. కాసేపటికి నా వైపు వంగి, కూతురికి వినబడకుండా అడిగారు.

"బాబూ, ఆ పొట్టాడి ఫోన్‌లో బోర్డు కొత్తదేనా? సరిచేసిందేనా?"

"సరిచేశాను. ఎందుకూ? మీరు చూడనన్నారుగా?"

"నేను చూడను. పక్క సీటుకి ఇవ్వొచ్చుగా."

నేను ఆ క్షణంలో ఆవిడను ఆటపట్టించి ఉండవచ్చు. డ్యూటీ కాదు రిపేరు అన్నది ఎవరని అడిగి ఉండవచ్చు. నేను చేసిందల్లా, ఆవిడకంటే ముందు ఫోన్ తీసి ఆ నంబర్ నొక్కడం. పేరు చెప్పకుండా పుట్టిన రోజూ వేళా చెప్పాను. మేమిద్దరం ఒకే ఫోన్‌కి చెరో చెవీ ఆనించి కూర్చున్నాం.

"కుజుడు ఎర్రగా ఉన్నాడు మేడమ్. నాకు లాగే" అన్నాడు పొట్టి కండక్టర్. అత్తగారు కళ్లు మూసుకున్నారు. "ఎవరికైనా ఆపరేషనా?"

"ఊఁ."

"మరింకేం? కత్తి పట్టేవాళ్లంతా ఆయన మనుషులేనని మీరే చెప్పారుగా. గుద్దడానికెందుకొస్తాడు? పనిమీదొచ్చాడు. చెయ్యనివ్వండి."

ఇదే సాక్ష్యాన్ని ఎవరైనా నా ప్రయోగశాలకు తెస్తే గుమ్మంలోంచే పంపించేసేవాణ్ని. ముందు ఒక మాట, ఫలితం చూశాక దానికి తిరగేసిన మాట. దాన్ని నేను రెండు చేతులతో అందుకున్నాను. గుండె నెమ్మదించడం స్పష్టంగా తెలిసింది. నెమ్మదించినందుకు సిగ్గుపడటానికి కూడా ఆ కాస్త నెమ్మదే కావలసి వచ్చింది.

"మీ ముగ్గురికీ కలిపి ఒక వార్డు ఇప్పించాలి" అంది నా భార్య, తలుపు మీంచి చూపు తిప్పకుండా. అంతా వింటూనే ఉంది. ఆ తరువాత అదే గొంతుతో, "ఆయన ఇంకేమన్నాడు?" అంది.

అంతలోనే డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికొచ్చింది. "అయిపోయింది. బాగుంది. రెండు వారాలు ఆగకపోవడం మంచిదైంది, పేగు జారే దారి వెడల్పవుతోంది." నా వైపు తిరిగి, "మీ దగ్గు తగ్గిందా?" అని అడిగింది.

తగ్గిందన్నాను. తగ్గినవాడు ఊరుకోవాలి కదా. "రెండో వైపు కూడా వచ్చే అవకాశం ఉందా డాక్టర్?" అన్నాను.

"ఉండొచ్చు. వందలో ఏడెనిమిది మందికి వస్తుంది. చాలామందికి రాదు."

ఇది నా భాష. అంకెలు, నిజమైన అంకెలు, ఎవరూ ఇంట్లో కూర్చుని కల్పించనివి. వందమంది పిల్లలను వరసగా నిలబెట్టి, ఆ ఏడెనిమిది మందిలో మా పాప ఎక్కడుందా అని అప్పుడే వెతకడం మొదలుపెట్టాను. కుజుడి దగ్గర ఎంత దూరం వచ్చానో, ఇక్కడా అంతే దూరం వచ్చి ఆగిపోయాను. పాపకి ఏమవుతుందో తెలియకపోవడం అంకెల వైపునా అలాగే ఉంది.

నర్సు పాపను తెచ్చింది. సగం నిద్రలో ఉంది. ఎవర్నీ గుర్తుపట్టనట్టు చూసి, ఒక్కసారిగా ఆకలి గుర్తొచ్చి, మొత్తం అంతస్తు వినేలా ఏడుపు అందుకుంది. నా భార్య ఎత్తుకుని, ముద్దుపెట్టుకుని, పాల సీసా కోసం సంచీ వెతకడానికి పాపను నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో. ఊరికే పట్టుకో. ఏమీ కొలవకు" అంది.

పట్టుకున్నాను. వెచ్చగా, బరువుగా, తడిగా ఉంది. నా చొక్కా కాలర్ గుప్పిట్లో పట్టుకుని గుంజుతూ ఏడుస్తోంది. వార్డు నడవా అవతలి కొసన ఉంది. మధ్యలో చక్రాల కుర్చీలు, మందుల బండ్లు, ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డ జనం. అత్తగారు కళ్లు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని, నాకంటే ముందు నడవడం మొదలుపెట్టారు.

"జరగండి, జరగండి! పక్కకి ఉండండి, బండి వస్తోంది!"

జనం జరిగారు. నేను ఆవిడ వెనకాలే మెల్లగా నడిచాను.